గురుకంఠాన్వేషణం

ఈ పత్రికలో తాళపత్రప్రతులను గురించి, పాఠభేదాలను గురించి వ్యాసాలు రావడం పరిపాటి. ఈ వ్యాసం కూడా ఒక పాఠభేదాన్ని గురించినదే. అయితే ఆ పాఠం తాటాకు మీద లేదు, అచ్చులోనూ లేదు. ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, ఇనుప బీరువాలో ఉన్న టేపు మీద ఉన్నది. దానిని వెదకి పట్టుకోవడానికి నాకు దాదాపు నాలుగేళ్లు పట్టినది. తాళపత్రం ఎట్లా వెదకాలో మాకు పెద్దలు నేర్పినారు. టేపు ఎట్లా వెదకాలో ఎవరూ నేర్పలేదు.

2018 కార్తికమాసంలో మా ప్రాంతపు వేదపాఠశాల ఒకదానికి పరీక్షాధికారులుగా నన్నూ, నా సహాధ్యాయినీ పిలిచినారు. మేమిద్దరమూ మధిర సమీపంలోని ఒక గ్రామంలో, ఒకే గురువుగారి వద్ద, ఒకే అరుగు మీద కూర్చుండి కృష్ణయజుర్వేదం చెప్పుకొన్నవాళ్లం. సంహితలో 44, బ్రాహ్మణంలో 28, ఆరణ్యకంలో 10, వెరసి 82 పన్నాలు. ఆ తరువాత నేను వ్యాకరణసాహిత్యాల వైపు మళ్లి ప్రాచ్యకళాశాలలో అధ్యాపకుణ్ణి అయినాను. అతడు వేదాన్ని విడువలేదు. భద్రాచలంలో స్థిరపడినాడు.

పరీక్షకు వచ్చిన బాలుడు ఆనందవల్లి చెప్పుచూ బ్రహ్మశబ్దంలో మకారాన్ని ముందు, హకారాన్ని వెనుక పలికినాడు. మన తెలుగునాట అందరూ పలికేదీ అట్లాగే. నేను ఆపినాను. హకారానికి తరువాత న, ణ, మలు వచ్చినప్పుడు నాసిక్యమనే ధ్వని వస్తుందని తైత్తిరీయ ప్రాతిశాఖ్యం విధించినది. వర్గపంచమాక్షరాలతో కూడిన హకారం ఉరస్సు నుంచి పుడుతుందని పాణినీయశిక్ష చెప్పినది. రెండిటి ప్రకారమూ హకారమే ముందు రావాలి గదా! “మా గురువుగారు రొమ్ములోనుంచి హకారాన్ని స్పష్టంగా పలికి, ఆ తరువాతనే మకారం పలికేవారు నాయనా” అని ఆ పిల్లవానికి చెప్పినాను. ఇది తరగతిలో నలభై సంవత్సరాల పాటు నేను చెప్పుచూ వచ్చిన మాట.

నా సహాధ్యాయి వెంటనే అందుకొన్నాడు. “అది కాదోయ్. గురువుగారు ఈ పిల్లవాడు అన్నట్టే అనేవారు. నువ్వు చెప్పేది పుస్తకం.”

“నా చెవులతో విన్నాను.”

“నేను మాత్రం ముక్కుతో విన్నానా?”

పిల్లవాడు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూచినాడు. ఉత్తీర్ణుణ్ణి చేసి పంపినాము గాని, అతడు ఇంటికి వెళ్లి ఎట్లా పలుకుతున్నాడో మాకు తెలియదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గ్రంథంలో పాఠభేదం వస్తే మరొక ప్రతి చూస్తాము. ఇక్కడ చూడడానికి ప్రతి ఏది? హ్మ అన్న అక్షరాన్ని తెలుగులో ఎవరు వ్రాసినా, ఎవరు అచ్చు వేసినా ఒక్కటే. రెండు ఉచ్చారణలకూ ఒకే లిపి. గురువుగారు 1984లో పరమపదించినారు. ఆయన వద్ద చదివినవారిలో మిగిలినది మేమిద్దరమే. సాక్షులు ఇద్దరు, సాక్ష్యాలు రెండు.

అప్పుడు జ్ఞాపకం వచ్చినది 1978 నాటి సభ. ఆ ఏడు మాఘమాసంలో మధిరలో, ఏటి ఒడ్డున, వేదపండితులను పిలిచి మూడు రోజులు పారాయణ చేయించినారు. నగరంలోని విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధక బృందం పెద్ద స్పూలు టేపురికార్డరు తీసికొని వచ్చినది. యంత్రాన్ని చూడడానికి వచ్చినవారు వేదం వినడానికి వచ్చినవారికంటే ఎక్కువ. నేను అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లవాణ్ణి, కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి. మైకు ముందు నిలిచి పండితులను పరిచయం చేసే పని నాకు అప్పగించినారు. మా గురువుగారు ఆనందవల్లి చదివినారు. అది టేపు మీద ఎక్కినది. ఆ టేపు ఎక్కడో ఉండి ఉండాలి.

2019 వేసవిలో ఉదయం గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి నగరానికి వెళ్లినాను. ఆ విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ చెప్పను. ఇటువంటి స్థితి అనేక గ్రంథాలయాలలో ఉన్నది, ఒకరిని వేలెత్తి చూపడం న్యాయం కాదు. విశాలమైన భవనం. ఒకనాడు కార్డులు ఉండిన సొరుగుల చోట కంప్యూటర్లు వచ్చినవి. వేదమని వెదకితే గ్రంథాలు కుప్పలుగా వచ్చినవి. వాటిలో ఒక్క టేపు కూడా లేదు. విచారిస్తే, శ్రవ్యదృశ్య సామగ్రి కంప్యూటరులోకి ఎక్కలేదనీ, దానికి వేరే రిజిస్టరు ఉన్నదనీ, రిజిస్టరు ఉన్న గదికి తాళం ఉన్నదనీ, తాళం చెవి ఉన్న ఉద్యోగి పదవీవిరమణ చేసినాడనీ ఒకదాని వెనుక ఒకటిగా తెలిసినది. మరునాడు రమ్మన్నారు. మరునాడు మరొక నెలలో రమ్మన్నారు. ఇంతలో కరోనా వచ్చినది. నా వయస్సు వారికి రైలెక్కడమే సాహసమైపోయినది.

ఆ రెండేళ్లూ ఇంట్లో కూర్చుండి, ఇటువంటి కంఠాలను ప్రపంచంలో ఎవరెవరు ఎట్లా దాచుకొన్నారో చదివినాను. చదివినకొద్దీ ఆశ్చర్యం, ఆపైన కొంత సిగ్గు.

వియన్నా నగరంలో 1899లో ధ్వనిముద్రణలకోసమే ఒక భాండాగారం స్థాపించినారు. ఫెలిక్స్ ఎక్స్‌నర్ అనే శాస్త్రజ్ఞుడు, తరువాతి కాలంలో వాతావరణశాస్త్రంలో పేరు పొందినవాడు, 1904-05లో మన దేశానికి వచ్చి వేదపఠనాన్ని ముద్రించుకొని వెళ్లినాడు. ఆ భాండాగారంలో ప్రతి ముద్రణకూ ఒక వివరపత్రం జోడించడం నియమం: పలికినదెవరు, ఎక్కడివాడు, ఏ భాష, ఏనాడు. మన అనుక్రమణికాకారులు ప్రతి సూక్తానికీ ఋషినీ ఛందస్సునూ దేవతనూ చెప్పినట్లున్నది ఈ పద్ధతి. కాత్యాయనుని సర్వానుక్రమణి మన చేతిలో ఉండగా, మంత్రానికి ఋషి పేరు చెప్పక చదవడం దోషమని తెలిసి ఉండగా, ఆ మంత్రం చదివిన మనిషి కంఠానికి మాత్రం మనము ఏ అనుక్రమణీ వ్రాయలేదు.

ఇంకొక సంగతి నన్ను చాలా రోజులు వెంటాడినది. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన పాటలను గ్రామఫోను కంపెనీవారు ముద్రించినారు. ఆ రికార్డులు తయారయ్యేది జర్మనీలోని హానోవరులో. అక్కడి పనివారికి ఏ రికార్డు ఎవరిదో తెలియాలి గనుక, ఆమె పాట చివర తన పేరు తానే ఆంగ్లంలో ప్రకటించినది. నూట ఇరవై ఏళ్లు గడిచినా ఆ కంఠం ఎవరిదన్న సందేహం ఎవరికీ లేదు. అభివాదనం చేసేటప్పుడు ప్రవర చెప్పి, గోత్రం, సూత్రం, శాఖ చెప్పి, చివర పేరు చెప్పుకొనే మనకు ఇందులో నేర్చుకోదగినది ఉన్నది.

ఫ్రిట్స్ స్టాల్ పండితుడు 1975 ఏప్రిలులో కేరళలోని పాంజాళ్ గ్రామంలో జరిగిన అగ్నిచయనాన్ని ధ్వనిగాను, చిత్రంగాను సంగ్రహించినాడు. రాబర్ట్ గార్డనరుతో కలిసి దానిని చలనచిత్రంగా రూపొందించినారు. 1983లో వెలువడిన ‘అగ్ని’ అనే రెండు సంపుటాల గ్రంథం ముఖపత్రం మీదనే చెరుముక్కు వైదికుల పేరూ, ఇట్టిరవి నంబూద్రి పేరూ సహకర్తలుగా ఉన్నవి. మన తెలుగుదేశపు కోనసీమ ఆహితాగ్నుల ఇండ్లలో 1980 నుంచి తిరిగి వారి జీవితాలను సంగ్రహించిన అమెరికా ఆచార్యుడు డేవిడ్ నైప్ 2015లో ప్రకటించిన గ్రంథంలో ఆ దంపతులు ఒక్కొక్కరూ పేరుతో, స్వభావంతో, ఛలోక్తులతో సహా కనబడతారు. పల్నాటి వీరకథను 1970లలో టేపు మీద ఎక్కించుకొని ఆంగ్లంలోకి మార్చిన జీన్ రోఘైర్ 1982 నాటి తన గ్రంథంలో పాడినవాడు అలిసెట్టి గాలెయ్య అని స్పష్టంగా చెప్పినాడు. విదేశాలకు తరలిన ఇటువంటి ముద్రణల ప్రతులను మళ్లీ మన దేశానికి తెప్పించి భద్రపరచడానికి 1982లో ఒక సంస్థ ఏర్పడి, గురుగ్రామంలో పనిచేస్తున్నది. ఇదంతా పరులను పొగడడానికి వ్రాయలేదు. వేదపఠన సంప్రదాయాన్ని యునెస్కో 2003లో మానవజాతి వారసత్వంగా ప్రకటించినప్పుడు మా కళాశాలలో మేమూ సభ చేసినాము, నేనూ ఉపన్యసించినాను. ఆనాడు మా సభలో ఎవ్వరికీ, నాకు కూడా, మన ప్రాంతపు టేపులు ఎక్కడున్నవన్న ప్రశ్న తోచలేదు.

2022 శ్రావణంలో మళ్లీ వెళ్లినాను. ఈసారి ఆ విభాగానికి ఒక యువ గ్రంథపాలకురాలు వచ్చి ఉన్నది. గది తాళం ఆమె పగులగొట్టించినదట. లోపల ఇనుప బీరువాలు నాలుగు. ఒకదాని నిండా వీడియో కేసెట్లు. కొన్నిటి టేపు మీద తెల్లని బూజు పొడిలాగా పట్టి ఉన్నది. తోలుబొమ్మలాట, యక్షగానం, చిందు భాగవతం అని అట్టల మీద ఉన్నది గాని, ఎవరి బృందమో, ఏ ఊరో లేదు. వీడియో మీద నాకు పెద్దగా ఆసక్తి లేకపోయినది, కాని ఒక మాట చెప్పాలి. శుక్లయజుర్వేద మాధ్యందినులు స్వరాన్ని చేతితో చూపుతారు. సామగులు వ్రేళ్ల మీద గణిస్తారు. చెవికి మాత్రమే పట్టే యంత్రానికి ఆ సగం అందదు. కాబట్టి దృశ్యం ఆడంబరమని తీసిపారవేయడానికి వీలులేదు.

రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టినది. నేను వేదం శీర్షిక చూచినాను, లేదు. సంస్కృతం చూచినాను, లేదు. ధర్మం, మతం, తత్త్వం, ఉపనిషత్తులు, ఏదీ లేదు. లేచి వెళ్లిపోదామనుకొంటుండగా ఆమె అడిగినది.

“మాస్టారూ, సంగీతం కింద చూద్దామా?”

“వేదానికీ సంగీతానికీ సంబంధమేమిటమ్మా?”

“రాసినవాళ్లకు ఏమని వినబడిందో మనకు తెలీదు గదండీ.”

సంగీతం క్రింద, హరికథలకూ తత్త్వాలకూ మధ్య ఒక పంక్తి ఉన్నది: వేదగానం, పలువురు గాయకులు, ఖమ్మం జిల్లా, 1978, స్పూళ్లు ఆరు. కర్త అన్న గడిలో ‘అజ్ఞాతం’ అని వ్రాసి ఉన్నది.

నాకు నవ్వు వచ్చినది, కోపమూ వచ్చినది. గానం చేసినట్లు చదివేవాణ్ణి పాఠకాధములలో మొదట లెక్కించినది పాణినీయశిక్ష. మా గురువుగారు జన్మలో ఏనాడూ రాగం తీయని మనిషి. ఆయన గాయకుడైనాడు! ఇక అజ్ఞాతమన్న మాట. కర్త ఎవరో తెలియకపోవడం వేరు, కర్తయే లేకపోవడం వేరు. ఈ భేదాన్ని సాధించడానికి మీమాంసకులు ఎంత శ్రమపడినారో, నైయాయికులు దానిని ఖండించడానికి ఎంత శ్రమపడినారో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. అంత వివాదాన్నీ ఒక గుమాస్తా ఒక్క మాటతో నైయాయికుల పక్షాన కూడా కాకుండా తీర్చివేసినాడు.

ఈ మాటలన్నీ ఆ అమ్మాయితో అన్నాను. ఆమె శ్రద్ధగా విన్నది. తరువాత కంప్యూటరు తెరచి చూపినది. గ్రంథాలయాలవారు అంతర్జాతీయంగా వాడే సూచీపద్ధతిలో ప్రతి విషయానికీ ఒక సంఖ్య ఉంటుంది. 511 అన్నది, పలికినవారు లేక పాడినవారు ఎవరో వ్రాసే గడి. 518 అన్నది, ఎక్కడ, ఎప్పుడు ముద్రించినారో వ్రాసే గడి. “గడి ఉంది మాస్టారూ. అందులో పెట్టడానికి పేరు లేదు. టేపు డబ్బా మీద లేకపోతే మేము ఎక్కడి నుంచి తెస్తాం?” అన్నది. నా దగ్గర సమాధానం లేదు. అప్పటికింకా ఆ తప్పు ఎవరిదో నాకు తెలియదు.

టేపు దొరికినంత మాత్రాన కంఠం దొరకదు. గ్రంథాలయపు స్పూలు యంత్రంలో రబ్బరు పట్టీ కరగి జిగురైపోయి ఉన్నది. ఆకాశవాణిలో పనిచేసి విరమించిన ఒక సాంకేతికుణ్ణి ఆమె ఎక్కడినుంచో వెదకి పిలిపించినది. ఆయన వచ్చి పట్టీ మార్చినాడు. ఆరు చుట్టలలో రెండింటి పొరలు ఒకదానికొకటి అంటుకొనిపోయినవి. ఆ కాలపు టేపులలో కొన్నిటికి, అయస్కాంతపు పూతను పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చి మెత్తబడుతుందట. బలవంతాన విప్పితే పూత ఊడి వస్తుంది, దానితోపాటు ధ్వనీ పోతుంది. వాటిని కొద్దిపాటి వేడిలో గంటల తరబడి ఆరబెట్టినాడు. పాతబడిన తాటాకుకు పసరు రాసి, నూనె పట్టించి మెత్తబరచిన రోజులు నాకు గుర్తుకు వచ్చినవి. తాటాకుకు తడి కావాలి, టేపుకు తడి పనికిరాదు. వైద్యం తలక్రిందులు, శ్రద్ధ ఒక్కటే. ఇటువంటి టేపులను ఇక ఎంతోకాలం వినలేమనీ, యంత్రాలూ వాటి భాగాలూ తెలిసిన మనుషులూ కూడా కనుమరుగవుతున్నారనీ 2019లోనే యునెస్కో ప్రపంచాన్ని హెచ్చరించినదని ఆయన చెప్పినాడు.

మొదటి చుట్ట పెట్టగానే పక్షులు కిచకిచలాడినట్లు ధ్వని వచ్చినది. నేను నిరాశపడినాను. ఆయన నవ్వి, సెకనుకు తొమ్మిదిన్నర సెంటీమీటర్ల వేగంతో ఎక్కించినదాన్ని పంతొమ్మిది సెంటీమీటర్ల వేగంతో వినిపించినానని చెప్పి మీట మార్చినాడు. రెట్టింపు వేగంలో శ్రుతి ఒక స్థాయి పైకి పోతుందట. శీఘ్రంగా చదివేవాడు కూడా పాఠకాధముడే అని శిక్ష చెప్పిన మాటకు ఇంతకంటే ప్రత్యక్ష నిదర్శనం నేను చూడలేదు.

మొదటి మూడు చుట్టలలో మా గురువుగారు లేరు. నాలుగవదానిలో ఒక యువకుని కంఠం లేచినది. పండితసభను ఉద్దేశించి, సుదీర్ఘసమాసాలతో, అక్కరలేని విశేషణాలతో సాగుతున్నది. ఎవరీ వాచాలుడు అనుకొన్నాను. రెండు వాక్యాలు గడిచిన తరువాత తెలిసినది, అది నేనే. ఆ యువకుడు రెండు నిమిషాలు గురువుగారి విద్వత్తును వర్ణించినాడు. వారి శాఖ చెప్పలేదు, ఊరు చెప్పలేదు, వారికి చెప్పిన గురువు ఎవరో చెప్పలేదు. చివర “అస్మద్గురుపాదులు ఇప్పుడు ఆనందవల్లిని అనుగ్రహిస్తారు” అని ముగించి కూర్చున్నాడు. గురువు పేరు నోట పలుకరాదని ధర్మశాస్త్రం. ఆ నియమాన్ని నేను పాటించినాను. టేపు ప్రక్కన కూర్చుండి వివరం వ్రాసుకొంటున్న విద్యార్థి డబ్బా మీద ఏమి వ్రాయగలడు? పలువురు గాయకులు అని వ్రాసినాడు. నాలుగేళ్లుగా ఎవరి మీదనో పెట్టుకొన్న కోపమంతా దిగిపోయి, యంత్రం ముందు తల వంచుకొని కూర్చున్నాను.

తరువాత గురువుగారు మొదలుపెట్టినారు. ముప్పైఎనిమిదేళ్ల తరువాత ఆ కంఠం వినడం ఎట్లా ఉన్నదో వ్రాయడం నాకు చేతకాదు. నడుమ గూడ్సు బండి ఒకటి కూత వేస్తూ స్టేషను దాటినది. మిగిలిన చుట్టలలో రైలు వచ్చినప్పుడల్లా పండితులు గొంతు పెంచినారు, మా గురువుగారు పెంచలేదు. రైలు మ్రోతలో కొన్ని అక్షరాలు మునిగిపోయినవి. మ్రోత తగ్గేసరికి ఆయన అదే శ్రుతిలో, అదే నడకలో, ముందుకు వెళ్లి ఉన్నారు. అది ఆయనే అనడానికి నాకు వేరే ప్రమాణం అక్కరలేకపోయినది.

బ్రహ్మశబ్దం వచ్చినది. మకారం ముందు, హకారం వెనుక. మళ్లీ వచ్చినది, మళ్లీ అంతే. ఆ వల్లిలో ఆ శబ్దం ఎన్నిసార్లు వస్తుందో మీకు తెలుసు. ఒక్కచోట, శ్వాస తీసికొన్న వెంటనే పలికినచోట, హకారం ముందున్నదేమోనన్న అనుమానం కలిగినది. మూడుమార్లు వేయించుకొని విన్నాను. ఆశ చెవికి కూడా ఉంటుంది. నాలుగవసారి ఆ సాంకేతికుడు వేగం తగ్గించి వినిపించినాడు. అక్కడా మకారమే ముందు.

నా సహాధ్యాయి చెప్పినదే నిజం. నేను ప్రాతిశాఖ్యంలో చదువుకొన్నదాన్ని, ఎప్పుడో తెలియకుండా, గురువుగారి గొంతులో విన్నట్లు గుర్తు పెట్టుకొన్నాను. నలభై ఏళ్లు ఆయన పేరు మీద నా పుస్తకజ్ఞానాన్ని పిల్లలకు చెప్పినాను. అబద్ధం చెప్పాలనుకోలేదు, చెప్పినది మాత్రం అబద్ధమే. లిఖితపాఠకుణ్ణి కూడా శిక్ష అధముల జాబితాలో ఎందుకు చేర్చినదో ఆ రోజు నాకు తెలిసి వచ్చినది. చేత పుస్తకం పట్టుకొని చదివేవాడే లిఖితపాఠకుడని అనుకొంటూ ఉండేవాణ్ణి.

దీనివల్ల ప్రాతిశాఖ్యం తప్పని నేను అనడం లేదు. నాసిక్యధ్వని హకారంతో పెనగొని ముందుగా వినబడడమే మన ప్రాంతపు ఉచ్చారణకు మూలమై ఉండవచ్చునని ఒక ఊహ. వాడుకభాష ప్రభావం వేదంలోకి చొరబడినదని మరొక ఊహ. ఒక్క కంఠంతో ఇది తేలదు. గోదావరికి ఇవతలి పఠనం, అవతలి పఠనం, దక్షిణాది పఠనం పది పది కంఠాలు ప్రక్కప్రక్కన పెట్టుకొని వినాలి. ప్రతి కంఠం ఏ ఊరిదో, ఏ గురువు వద్ద నేర్చినదో తెలియాలి. ఆ వివరం లేని టేపు ఎంత చక్కగా వినబడినా విచారణకు పనికిరాదు. నేటి పిల్లలు సెల్‌ఫోనులో వినబడిన ఏదో ఒక బాణీని పట్టుకొంటున్నారు. అది మంచి బాణీయే కావచ్చు, కాని ఎవరిదో వారికి తెలియదు. ఇంకొక ఇరవై ఏళ్లకు మన ప్రాంతపు పఠనం ఇట్లా ఉండేదని చెప్పడానికి ఆ ఇనుప బీరువాలు తప్ప మరేమీ మిగలకపోవచ్చును.

ఆ సాయంకాలమే గ్రంథపాలకురాలు 511వ గడి తెరచి నన్ను అడిగినది. నేను నోటితో చెప్పలేదు. కాగితం మీద వ్రాసి ఇచ్చినాను. గురువుగారి పూర్తి పేరు, గోత్రం, ఆపస్తంబసూత్రం, తైత్తిరీయశాఖ, గ్రామం, వారి గురువుగారి పేరు. వ్రాయడం కూడా నామగ్రహణమే అని ఎవరైనా పెద్దలు ఆక్షేపిస్తే ప్రాయశ్చిత్తం చేసికొంటాను. ఈ వ్యాసంలో ఆ పేరు లేకపోవడాన్ని పాఠకులు మన్నించాలి. ఉండవలసినచోట ఉన్నది. కర్త గడిలోని అజ్ఞాతాన్ని కూడా తీసివేయమన్నాను. ఖాళీగా వదిలితే యంత్రం ఒప్పుకోదేమోనని భయపడినాను, ఒప్పుకొన్నది.

తరువాతి వారమే మా అబ్బాయి ఫోనులోకి ఎక్కించి ఇచ్చిన ఆ పఠనంతో భద్రాచలం బయలుదేరినాను. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ దాటి అడవిలోకి బస్సు వెళ్తుండగా, ఈ అడవుల వెంట మరొక శ్రుతిపరంపర ఉన్నదని గుర్తుకు వచ్చినది. కోయల గోత్రచరిత్రలను పడిగె అనే పటాన్ని ఎదుట పెట్టుకొని డోలీలు పాడతారు. మణుగూరు దగ్గరి కూనవరం గ్రామానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ విద్యకు 2022లోనే పద్మశ్రీ అందుకొన్నాడు. 2024 జూనులో ఆయన మరణించినాడని పత్రికలలో చూచినాను. పాఠశాల ముఖం సరిగా చూడని ఆ పెద్దమనిషి తలలో ఎన్ని వంశాల కథలు ఉండినవో! మన తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్లులో ఉన్నది. ఆయన గొంతు ఏయే గ్రంథాలయాలలో ఏ శీర్షిక క్రింద ఉన్నదో, సంగీతమనో నాట్యమనో వ్రాసి ఉన్నదో, ఒకసారి వెళ్లి చూడాలనుకొంటున్నాను. అవి చరిత్రలు గదా.

నా సహాధ్యాయి వాకిట్లో పడకకుర్చీలో ఉన్నాడు. అతనికి రెండేళ్లుగా చెవులు సరిగా వినబడటం లేదని ఫోనులో అతని కుమారుడు చెప్పనే లేదు. ఫోను చెవి దగ్గర పెట్టినాను. గట్టిగా వినిపించినాను. చెవిలో పెట్టుకొనేవి కూడా పెట్టి చూచినాము. ఏదో గొణుగుతున్నట్లున్నది గాని అక్షరం తెలియడం లేదన్నాడు.

“గురువుగారు ఏమన్నారోయ్?” అని అడిగినాడు.

నేను అతని ఎదురుగా కూర్చుండి, నా పెదవులు అతనికి కనబడేటట్లు ఆ మాట పలికినాను. మకారానికి పెదవులు ముందే మూసుకొంటవి గదా, అది చూచినాడు. మరొకసారి అనమన్నాడు. అన్నాను.

“ఈసారి పాసు చేయవచ్చు నిన్ను” అన్నాడు.

కాఫీ త్రాగుతూ ఆ సభలో ఇంకెవరెవరు చదివినారని అడిగినాడు. నాకు గుర్తున్నవారిని చెప్పినాను. ఒక్కరి సంగతి తేలలేదు. అయిదవ చుట్టలో, గురువుగారి తరువాత, ఒక వృద్ధుని కంఠం ఉన్నది. సంహితలో ఒక అనువాకాన్ని క్రమంగా చెప్పినారు. శ్రుతి తక్కువ, నడక నెమ్మది, దీర్ఘస్వరితాల దగ్గర మా పద్ధతి కంటె కొంచెం ఎక్కువ నిలిచినారు. పరిచయం చేసిన నేను అక్కడ కూడా “ఇప్పుడు మరొక వృద్ధపండితులు” అని మాత్రమే అన్నాను. నా సహాధ్యాయి విని గుర్తుపట్టే స్థితిలో లేడు. కృష్ణాజిల్లా వైపు నుంచి ఒకరు, వరంగల్లు వైపు నుంచి ఒకరు ఆ సభకు వచ్చినారని మాత్రం ఇద్దరికీ జ్ఞాపకం ఉన్నది.

1978 మాఘమాసంలో మధిర సభకు వచ్చినవారు గాని, వారి శిష్యులు గాని, కుమారులు గాని ఈ వ్యాసం చదివితే ఈ పత్రికా సంపాదకుల ద్వారా నాకు తెలియజేయవలసినదిగా ప్రార్థన. ఆ పఠనం నా వద్ద ఉన్నది, వినిపిస్తాను. ఆ చుట్టకు 511వ గడి ఇంకా ఖాళీగానే ఉన్నది.